కొత్త కోడలి ఏసీ

పెళ్ళి మాటల్లో హవ్రా తన నోటితో అడిగింది ఒక్కటే. బంగారం ఎంత పెడతారు, మంచం ఏ కర్రతో చేయిస్తారు, ఇవన్నీ పెదనాన్న చూసుకున్నాడు. ఆమె మాత్రం ఆయన్ని తలుపు చాటుకు పిలిచి, "నా గదికి ఏసీ కావాలని చెప్పు పెదనాన్నా. ఇంకేమీ వద్దు" అంది. నాన్న పోయాక పెదనాన్న ఇంట్లో పెరిగిన పిల్ల. ఎండాకాలం వస్తే ఆ ఇంట్లో పదకొండు మందీ ఒకే చల్లగదిలో, ఒకరి కాళ్ళు ఇంకొకరి తలకు తగిలేలా పడుకునేవాళ్ళు. ఒకరు పక్కకు తిరిగితే వరసంతా తిరగాలి. తలుపు వేసుకుంటే తనదయ్యే గది, అందులో కాస్త చల్లగాలి, అంతే ఆమె కోరిక. దాన్ని అత్యాశ అనేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు అమారా పట్నంలో జూలై నెల గడిపి ఉండరు.

కాబోయే మామగారు హాజీ చాసిబ్ గడ్డం నిమురుకుని, "ఇచ్చాం" అన్నాడు. పుచ్చకాయలు తోలుకునే పికప్ బండి అమ్మేసి కొత్త ఏసీ తెచ్చాడు. తెచ్చాక గానీ తెలియలేదు, ముసళ్ళ పండగ ముందుందని. గోడకు బెజ్జం కొట్టడానికి ఒక రేటు, డాబా మీద బయటి పెట్టె నిలబెట్టే ఇనప స్టాండుకు ఒక రేటు. రాగి గొట్టం కొంతవరకే ఉచితం, ఆపైన మీటరుకింత. పాత వైరు ఈ బరువు మోయదు, కొత్తది లాగాలి. ప్రతిదానికీ మెకానిక్ "హాజీ, ఇది ఆ లెక్కలో లేదు" అంటుంటే, "నాయనా, అసలు నీ లెక్కలో ఏముందో అదొక్కటీ చెప్పు. మిగతావి నేనే ఊహించుకుంటా" అన్నాడు హాజీ.

వీటన్నిటినీ మించింది ఆంపియర్ల ఖర్చు. సర్కారు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. పోయినప్పుడల్లా సందు చివర అబూ రసూల్ జనరేటరే దిక్కు. అతను కరెంటును ఆంపియరుకింతని నెలవారీగా అమ్ముతాడు. కొన్నదానికి మించి లాగితే అతని బోర్డులో బ్రేకరు పడిపోతుంది, ఇల్లు చీకటి. పికప్ పోయింది. బస్రాలోనే ఉంటూ చమురు బావుల దగ్గర కాపలా పని చేసే కొడుకు, హవ్రా మొగుడు మైసమ్‌కి జీతం సరిగ్గా రావడం లేదు. హాజీ కొనగలిగిన ఆంపియర్లు ఆ ఏసీకీ, ఒక ఫ్రిజ్జుకీ సరిపోయాయి. "మీ పెదనాన్న ఏసీ అడిగాడే గానీ దానికి కరెంటు అడగడం మర్చిపోయాడమ్మా. అమాయకుడు, పాపం" అని కొత్త కోడలితో అని నవ్వాడు. ఆ నవ్వుకే హవ్రా మామగారిని ఇష్టపడింది.

పెళ్ళయిన కొన్నాళ్ళకే హాజీకి గుండెపోటు వచ్చింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు, "ఈయనకు వేడి తగలనివ్వద్దు. ఈ ఎండాకాలం గట్టెక్కితే తర్వాత చూద్దాం" అన్నాడు. హాల్లో పాత నీళ్ళ కూలర్ పక్కన పరుపు వేశారు. తడి గడ్డి వాసనతో వచ్చే ఆ గాలే ఆయనకు మందు.

జూలై వచ్చింది. మధ్యాహ్నం భోజనాలు కాగానే, మైసమ్ తల్లి కనుక అందరూ ఉమ్ మైసమ్ అని పిలిచే అత్తగారు, "పో అమ్మా, పోయి నడుం వాల్చు" అనేది. హవ్రా తలుపు వేసుకుని ఏసీ వేసుకునేది. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని పడుకోవడం ఆమెకు అదే మొదటిసారి. మొదట్లో ఆ సుఖానికి కళ్ళనీళ్ళొచ్చేవి.

ఒకరోజు కూజాలో నీళ్ళయిపోయి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. హాల్లో బల్బు గుడ్డిగా వెలుగుతోంది. మామగారు చొక్కా లేకుండా, తడిపిన దుప్పటి పరిచిన నేల మీద నోరు తెరుచుకుని పడున్నాడు. అత్తగారు పక్కన కూర్చుని ఖర్జూరపాకు విసనకర్రతో విసురుతోంది. కూలర్ తిరగడం లేదు.

"కూలర్‌కేమైంది అత్తయ్యా?"

"మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడికి కబురు పెట్టాం." ఉమ్ మైసమ్ తలమీది గుడ్డ లాగి భర్త ఒంటి మీద కప్పింది. "తలుపు కొట్టి రావాలమ్మా. నువ్విలా చూశావంటే ఆయన సిగ్గుతో చస్తాడు."

సాయంత్రం సర్కారు కరెంటు రాగానే ఆ కాలిపోయిన మోటారు గుర్రుమంటూ తిరిగింది. హవ్రాకి అప్పుడర్థమైంది. జనరేటరు మీద తన ఏసీ, ఈ కూలర్ కలిసి నడవవు. ఇన్నాళ్ళూ తను దుప్పటి కప్పుకున్నది ఆయన ఊపిరి మీద.

మర్నాడు వంటింట్లో అత్తగారు బెండకాయల తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, మధ్యాహ్నాలు నాకు చలేస్తోంది. ఏసీ ఆపేస్తాను."

"చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకో."

"పోనీ, మామయ్యని నా గదిలో పడుకోబెట్టండి. నేను ఇక్కడ వంటింట్లో ఉంటాను."

"కొత్త పెళ్ళికూతురి మంచం మీద ముసలాడా? ఏడాదైనా తిరక్కుండానా? ఇక సందులో ఆడవాళ్ళకి వేరే పనుండదులే." ఉమ్ మైసమ్ కత్తి పక్కన పెట్టింది. "చూడు తల్లీ. ఆయన బండి ఎందుకమ్మాడు? మాటిచ్చాడు గనక. నువ్వు దాన్ని ఆపుకుని కూర్చుంటే ఇచ్చిన మాట మంటగలిసినట్టే. ఆయన గుండె సంగతి దేవుడు చూసుకుంటాడు. పరువు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. ఈ ఊసు మళ్ళీ ఎత్తకు."

చెడ్డ మనిషయితే హవ్రా తిరగబడేదే. మంచి మనుషుల మొండితనానికి మందు లేదు. చెప్తే ఒప్పుకోదు, చెప్పకుండా చేస్తే ఏం చేస్తుంది అనుకుంది. ఏసీ వేసినప్పుడల్లా హాల్లో బల్బు ఒక్కసారి మసకబారి మళ్ళీ తేరుకుంటుంది. అది మసకబారకపోతే అత్తయ్య కనిపెడుతుంది, గుట్టుగా కూలర్ వేస్తుంది, ఎవరూ ఎవరితోనూ అనక్కర్లేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆమె తలుపు వేసుకుని, ఏసీ వేయకుండా కూర్చుంది. పడమటి గోడ పెనంలా కాలేది. పరుపు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. సందులో జనరేటరు మోతకు గోడవతల ఏం జరుగుతోందో వినపడేది కాదు. తలుపు తీసి చూడటానికి లేదు, అవతల మామయ్య చొక్కా లేకుండా పడుకుని ఉంటాడు. చెమట కారి బట్టలు తడిసి ఒంటికి అంటుకుంటుంటే, ఆ తడి గడ్డి గాలి ఆయన ముఖానికి తగులుతోందని తలచుకునేది. ఆ తలపు ఆమెకు చల్లగానే ఉండేది. పొద్దు వాలాక అసర్ నమాజు పిలుపు వినిపిస్తే ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని, అప్పుడే నిద్రలేచినట్టు బయటికి వచ్చేది.

కానీ హాజీ చాసిబ్ రోజురోజుకీ దిగజారిపోయాడు. హాస్యాలు మానేశాడు. రొట్టె ముక్క పులుసులో ముంచి, నోట్లో పెట్టుకోకుండానే వదిలేసేవాడు. కూలర్ గాలి ఉండగా ఇలా ఎందుకైపోతున్నాడో హవ్రాకి అంతుపట్టలేదు. అడగాలంటే తన గుట్టు చెప్పుకోవాలి. అత్తగారి కళ్ళు గుంటలు పడ్డాయి. సాయంత్రాలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళు. ఆ కొద్దిసేపట్లో ఏ ఒక్కరు నోరు విప్పినా సరిపోయేది.

ఒక మధ్యాహ్నం "హవ్రా" అని అరుపు వినబడింది. అత్తగారు ఆమెను పేరు పెట్టి పిలవడం అరుదు. తలుపు తీసింది. హాల్లో చీకటి. కూలర్ ఆగి ఉంది. ఏసీకి ఏమాత్రం తక్కువ కాకూడదని ఉమ్ మైసమ్ ఇన్నాళ్ళూ బల్బు కూడా ఆపేసుకుని కూర్చుంది, మసకబారిందో లేదో తెలిసే దారే లేదు. ఇప్పుడు భర్త చంకల కింద చేతులేసి లాగుతోంది. ఆయన మెడ వాలిపోయింది, చర్మం ఎండిన తోలులా అయి కాలిపోతోంది.

"కాళ్ళు పట్టుకో. నీ గదిలోకి. ఎవరేమనుకున్నా సరే."

ఇద్దరూ ఈడ్చుకుంటూ తెచ్చారు. ఉమ్ మైసమ్ భుజంతో తలుపు నెట్టి, గడప మీదే ఆగిపోయింది. లోపలి వేడి ముఖాన కొట్టింది. హాలే నయం. ఆవిడ గోడ మీద మూసుకుని ఉన్న ఏసీని చూసింది. తర్వాత కోడలి మెడకు అంటుకున్న తడి జుట్టు చూసింది.

"వేయలేదా?"

"ఇప్పుడే వేస్తున్నా అత్తయ్యా." రిమోటు అందుకుంది.

"వెయ్యి. కూలర్ ఆపే ఉంది," అంది ఉమ్ మైసమ్. "రోజూ ఆపే ఉంచాను కదా."

ఏసీ మొదట లోపల నిలిచిన వేడి గాలి వదిలింది, తర్వాత మామూలు గాలి. చల్లబడటానికి దానికి కొంతసేపు పడుతుంది. హాజీ చాసిబ్‌కి అంత వ్యవధి లేకపోయింది. చలిగాలి వచ్చేసరికి ఉమ్ మైసమ్ ఆయన కళ్ళు మూసేసింది, హవ్రా పాదాలు పట్టుకుని ఇంకా రుద్దుతూనే ఉంది. డబ్బు కట్టి కొన్న ఆంపియర్లు అన్ని మధ్యాహ్నాలూ ఆ ఇంట్లో ఎవరికీ అక్కరకు రాలేదు.

పోయినవారి కోసం చదివే ఫాతిహాకి సందులో మగవాళ్ళకు గుడారం వేశారు. ఆడవాళ్ళను హవ్రా గదిలో కూర్చోబెట్టారు, ఇంట్లో చల్లగా ఉండేది అదొక్కటే. నల్ల అబాయాల మధ్య హవ్రా గోడకానుకుని కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. పెదనాన్నతో వచ్చిన పెద్దమ్మ చెయ్యి పైకెత్తి గాలి చూసింది. "మాటంటే మాటే. పెద్దమనిషి నిలబెట్టుకునే పోయాడు," అంది. "అదృష్టవంతురాలివే పిల్లా."

అప్పుడే సర్కారు కరెంటు పోయింది. ఒక్క క్షణం చీకటయి, అబూ రసూల్ జనరేటరు అందుకుంది. ఖాళీ హాల్లో, సర్కారు కరెంటు మీద అందాకా తిరుగుతున్న కూలర్ మళ్ళీ గుర్రుమంది. ఉమ్ మైసమ్ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. పరామర్శకు వచ్చినవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ హాల్లోకి వెళ్ళి, దాన్ని ఆపేసి వచ్చింది.