వాన లేపిన అడుగులు

ఒకరు చెమటోడ్చిన చెలకను నాదేనని నోరారా అనగల పెద్దమనిషివా నువ్వు? అట్లయితే ఆ నోరు మూసుకో. చెప్పులు విడిచి కూర్చొని, చెన్నూరు దగ్గరి ఉపేందర్‌రావు దొర సంగతి విను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది అది. ఆ దొర ఊళ్లోనే చెలక దున్నుకొని బతికే లస్మవ్వ ఉండేది. ఆమె చెలకలో దుక్కి అయిన ప్రతిసారీ వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి లింగమూర్తి సైకిల్ మీద వచ్చేవాడు. రంధ్రాలున్న చట్రాన్ని దుక్కి మీద నిలబెట్టి ఇనుప పుల్లలు జారవిడిచేవాడు. మట్టిపెడ్డ మీద ఆనిన పుల్ల పైకి నిలిచేది, సాలులో పడినది కిందికి దిగేది. వాన వెలిసినాక అదే చోట మళ్లీ కొలిచేవాడు. పెడ్డలు కరిగి నేల ఎంత అణిగిందో తేల్చడం అతని పని.

ఆ ఊళ్లో వానకు నేల అణిగేది. తొక్కిన అడుగులు మాత్రం పొంగి పైకి లేచేవి.

"కొలత తప్పుతున్నది. జర నీ అడుగులు లేని జాగ చూపియ్యి, లస్మవ్వా."

"యాడున్నది సారూ? పెండ్లయిన సంది గీ చెలకల్నే తిరుగుతున్న."

అంతలో దొర ఆ చెలకను తానే సాగు చేస్తున్నానని దరఖాస్తు పెట్టాడు. వాన పడ్డ తెల్లారి వచ్చి, లేచిన అడుగులను చూసి ఎవరి సాగో తేలుస్తానన్నాడు తహసీల్దార్. ఓడితే లస్మవ్వకు కూలే గతి.

మబ్బు పట్టిన సాయంత్రం దొర గుంటుక తోలించి చెలకను చదును చేయించాడు. ఆపైన ధోవతి ఎత్తిపట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు తానే తిరిగాడు.

"గంత తిరిగితే కాళ్లు నొయ్యవా దొరా?" అంది గట్టు మీది లస్మవ్వ.

"నా చెలక, నా కాళ్లు. నీకేం నొప్పే?"

వాన దంచికొట్టింది. తెల్లారేసరికి చదును చేసిన నేలలోంచి లస్మవ్వ అడుగులు లేచాయి. వాటి పక్కనే దొరవీ లేచాయి. తహసీల్దార్ కొలవమన్నాడు. లింగమూర్తి చట్రం పెట్టి పుల్లలు వదిలాడు.

"ఎత్తు సమానమే సార్," అన్నాడు. అబద్ధం అతనికి చేతకాదు.

దొర మీసం దువ్వాడు.

చట్రం తీయబోయిన లింగమూర్తి వంగినవాడు వంగినట్టే ఆగాడు. "సార్, గీ వేళ్లు చూడుండ్రి."

లస్మవ్వ అడుగులు నాలుగు దిక్కులా ఉన్నాయి. దొర ఎటు తిరిగినా అతని అడుగుల వేళ్లన్నీ రోడ్డు వైపే లేచాయి. లోపలికి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు.

"అన్నీ బయటికి పోయినవే. లోపటికెట్ల వచ్చినవ్ దొరా, ఎగిరొచ్చినవా?" అంది లస్మవ్వ.

తహసీల్దార్ చెలకను ఆమె పేరునే రాశాడు.

ఆనాటి నుంచి ఏ చేనులో కాలు పెట్టినా దొర పాదాలు రోడ్డు వైపే మళ్లేవి. తన పంట ఎట్లున్నదో తాను రోడ్డు మీద నిలబడి, జీతగాళ్లను కేకేసి అడగాల్సి వచ్చేది. చివరికి కన్నుమూస్తే, తండ్రిని దహనం చేసిన మామిడితోటలోకి పాడెను మళ్లించబోయారు. మోసేవాళ్ల కాళ్లు మళ్లలేదు. అన్ని ఎకరాల ఆసామిని రోడ్డు పక్క కంకర మీద కాల్చారు.