వెండి గీత

రిహానా జొన్నరొట్టె తడుతాంటే అత్త మదార్ బీ మళ్లీ అందుకుంది. "కంటికి కనపడని గీతలు గీసేదానికి పొద్దున్నే ఇల్లిడిచి పోవల్లనా?"

రిహానా చివరి రొట్టె పెనం మీంచి తీసి చేతులు కడుక్కుంది. కల్లూరులో షేర్ ఆటో ఎక్కి యూనివర్సిటీకి పోయింది. ఆమె పరిశోధనంతా వెంట్రుకలో వెయ్యోవంతు సన్నటి వెండి గీత గురించే. సూదితో తడిమి చూసే మైక్రోస్కోపు ఒకటుంటుంది; దాని సూదిమొనకు వెండి లవణం పూస్తారు. మొనకూ కింది పలకకూ నడుమ గాలిలోని తేమే నీటిపొరై నిలుస్తుంది. కరెంటు పారిస్తే ఆ పొరలోంచి వెండి దిగి పలకను పట్టుకుంటుంది; సూది జరిగిన దారిలో గీత పడుతుంది. కర్నూలు ఎండలకు గాలిలో తేమేది? గీతలు తెగిపోయేవి. యంత్రం చెడిందన్నాడు గైడు. సూదులు మంచివి కావన్నాడు తోటి విద్యార్థి పరమేష్. కారణం పట్టుకున్నది రిహానా. సూది చుట్టూ అద్దాల పెట్టె కట్టించి, లోపలికి తడిగాలి పంపుతూ నెలల తరబడి కూర్చుంది. బిడ్డకు జ్వరమొచ్చిన రోజు కూడా. "నువ్వు తల్లివేనా?" అన్నాడు ఆ రోజు మొగుడు రబ్బానీ. బిడ్డ కోసం ఒక్క పూటైనా అంగడి మూయని అతన్ని, నువ్వు తండ్రివేనా అని ఎవరూ అడగలేదు.

చివరికి గీత తెగకుండా వచ్చింది. బెంగళూరు సదస్సులో దాని గురించి మాట్లాడమని పిలుపూ వచ్చింది.

ఈ రోజు ఆమె ల్యాబులో అడుగుపెట్టగానే గైడు అన్నాడు: "బెంగళూరుకు పరమేష్ పోతాడులేమ్మా. నీ స్లైడ్లు అతనికియ్యి."

"ఎందుకు సార్?"

"మీ ఆయన ఫోన్ చేసినాడు. ఇంట్లో ఇబ్బందంట, నువ్వు రాలేవంట."

ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుని, ఆమె కష్టాన్ని మూడో మగవాడి చేతిలో పెట్టేశారు. ఆమెనొక మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

"రాలేనని నేను చెప్పినానా సార్?"

"మీ ఆయనే చెప్తే ఇంక..."

"ఆ గీత గీసింది మా ఆయన కాదు సార్. పరమేషూ కాదు. స్లైడ్లు ఇయ్యను. నేనే పోతాండా."

పరమేష్ తల దించుకున్నాడు. గైడు "సరే, నీ ఇష్టం" అన్నాడు.

వరండాలోకొచ్చి రబ్బానీకి ఫోన్ చేసింది. "బెంగళూరుకు పోతాండా. సార్‌కు చెప్పేసినా."

"మూడ్రోజులు బిడ్డనెవరు చూస్తారు?" అరిచాడు రబ్బానీ.

"నన్నడిగింటే ఆ సంగతి మనిద్దరం కూర్చోని మాట్లాడుకుందుము. నువ్వు మా సార్‌తో మాట్లాడుకున్నావు. బిడ్డనెవరు చూడల్లో కూడా ఆయన్నే అడుగు."