ఉరుకుందమ్మ ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. నవ్వకండి. పెళ్లికీ, పుట్టినరోజుకీ, ఎన్నికలకీ మా జాతి లేనిదే మీకు గడవదు. పని అయిపోయాక మాత్రం మా మీద మిరపకాయలు ఎండబెడతారు. దానికి నేనేమీ అనుకోను. నా బాధ వేరు. నా ఒంటి మీద ఒక ఆడపిల్ల బొమ్మ ఉంది. ఆ పిల్ల సంగతి ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు మనసాగదు.

నేను కర్నూలులో ఒక ప్రింటింగ్ షాపులో పుట్టాను. మిషన్ లోంచి బయటికి వచ్చేసరికి ఇద్దరు మనుషులు నన్ను పట్టి చూస్తున్నారు. ఒకాయన ఆఫీసు సారు. ఎక్కడో పెద్ద నగరంలో ఉన్న ఫౌండేషన్ ఇచ్చే విరాళంతో, పల్లెల్లో ఎదిగే ఆడపిల్లల కోసం చదువు సెంటర్లు నడిపే సంస్థలో ఆయన అధికారి. రెండో మనిషి స్వరూప, అలాంటి ఒక సెంటర్లో టీచరు.

సారు నన్ను చూసి మురిసిపోయాడు. పైన ఫౌండేషన్ గుర్తు, దాని పక్కన సంస్థ గుర్తు. వాటి కింద పెద్ద అక్షరాల్లో "చదువే ముందు, పెళ్లికి తొందరేముంది?" అని ఉంది. మధ్యలో లంగావోణీ కట్టుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని, బుట్ట కమ్మలతో నవ్వుతున్న పిల్ల. "నేను డాక్టర్ని అవుతాను" అంటున్నట్టు రాశారు. ఆ పిల్ల పేరు మాత్రం అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో అట్టడుగున ఉంది. ఉరుకుందమ్మ, పదో తరగతి.

"పాప కండక్టర్ అవుతానంది సార్," అంది స్వరూప మెల్లగా.

"కండక్టర్ అంటే ఫౌండేషన్ వాళ్లకు ఏం ఆనుతుందమ్మా? డాక్టర్ అంటే బరువుంటుంది," అన్నాడు సారు.

స్కూలు యూనిఫాంలో తీసిన ఫోటో కళగా లేదని లంగావోణీ కట్టించిందీ ఆయనే. కమ్మలు స్వరూపవి. ఫోటో తీయగానే తిరిగి ఇచ్చేసిందట పిల్ల.

నన్ను ఆ పిల్ల ఊరి బస్టాపు పక్కన, సెంటరు గోడకు కట్టారు. ఉరుకుందమ్మ మొదటిసారి నన్ను చూసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత వేళ్ల సందులోంచి మళ్లీ చూసింది. ఆదోని నుంచి వచ్చే బస్సులో ఒక కండక్టరమ్మ ఉండేది. తాగి వాగేవాళ్లను, ఎంత మీసాలున్నవాళ్లనైనా సరే, విజిల్ వేసి నడిదారిలో దింపేసేది. ఉరుకుందమ్మకు లోకంలో అంతకన్నా పెద్ద ఉద్యోగం కనపడలేదు. నాకూ అంతే.

ఆ పిల్ల అమ్మానాన్నలు సుగ్గికి పోయారు. అంటే ఇక్కడ పనుల్లేక గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోయారు. పిల్లను అవ్వ తిమ్మక్క దగ్గర వదిలారు. ఎదిగిన పిల్లను పెట్టుకుని తిమ్మక్కకు కంటిమీద కునుకు ఉండేది కాదు. పెళ్లి చేసేస్తే ఒక పని అయిపోతుందని ఆమె లెక్క. స్వరూప ఆమె ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, పెళ్లి మాట ఎత్తకుండా చివరికి ఒప్పించింది. ఆ ఒప్పందం నా కిందనే జరిగింది.

"సెంటరు నడిచినన్నాళ్లు పిల్ల జోలికి ఎవురినీ రానియ్యను మేడమ్మా. మీరు సూసుకుంటారని ధైర్నం. అది మూసేసినారంటే మాత్రం నన్నేమీ అనొద్దు. ఒక్కదాన్ని, యాడ కాపలా కాసేది?"

స్వరూప చేతిలో చెయ్యి వేసింది. సెంటరు ఎన్నాళ్లుంటుందో తన చేతిలో లేదని చెప్పలేకపోయింది పాపం.

ఇక అసలు పొరపాటు చెబుతాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్ల ఈడేరాక లంగావోణీ ఫంక్షన్ చేస్తారు, పిల్ల ఫోటోతో రోడ్డు మీద ఫ్లెక్సీ కడతారు. అది చూసినవాళ్లకు ఆ ఇంట్లో పిల్ల పెళ్లికి వచ్చిందని ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సులో పోయేవాళ్లు, ట్రాక్టరులో పోయేవాళ్లు నా మీది అక్షరాలు ఎందుకు చదువుతారు? లంగావోణీ చూశారు, పూలు చూశారు, కమ్మలు చూశారు. పెళ్లి వద్దని అరవడానికి పుట్టినదాన్ని, రోడ్డు మీద నిలబడి పెళ్లికొడుకులను పిలుస్తున్నాను!

ఒకరోజు ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగి తిమ్మక్కను పట్టుకున్నారు. పక్క మండలంలో సొంత లారీ ఉన్నవాళ్లు.

"ఏమక్కా, మనమరాలికి ఫంక్షన్ చేసి ఫ్లెక్సీ గూడా కట్టించినారు, మాకొక మాట సెప్పకపోతిరే! మావోడికి అడుగుదామని వస్తిమి."

"ఫంక్షనూ లేదు, యేమీ లేదు. అది సెంటరోల్లు కట్టినారు. పిల్ల సదువుకుంటాంది," అని పంపేసింది తిమ్మక్క. ఆ మాటకు ఆమె మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

సంగతి స్వరూపకు తెలిసింది. నన్ను దింపి, యూనిఫాం ఫోటోతో ఇంకొకటి వేయిద్దామని సారుకు ఫోన్ చేసింది.

"ఫౌండేషన్ వాళ్ల విజిట్ అయ్యేదాకా ఉండనీ అమ్మా. వాళ్లకు ఇదే నచ్చుతుంది," అన్నాడట ఆయన.

నచ్చింది. ఫౌండేషన్ వాళ్లు కార్లలో వచ్చి, నా ముందు ఉరుకుందమ్మను నిలబెట్టి ఫోటోలు దిగారు, చప్పట్లు కొట్టారు. ఒకాయన ఆ పిల్ల తల నిమిరి "డాక్టర్ గారూ" అన్నాడు. తర్వాత వెళ్లిపోయారు. వేసవికి కబురొచ్చింది. ఈ ఏడాది నుంచి వాళ్ల విరాళం మొక్కల పెంపకానికట. ఆడపిల్లల మీద కోపమేమీ లేదు, మొక్కల వంతు వచ్చింది, అంతే.

సెంటరుకు తాళం పడింది. స్వరూపను మొక్కల పనికి వేరే జిల్లాకు పంపారు. పోయేరోజు నన్ను విప్పి, మడిచి, ఉరుకుందమ్మ చేతికిచ్చి ఏడ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. నన్ను చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

తిమ్మక్క మాట తప్పే మనిషి కాదు. సెంటరు ఉన్నన్నాళ్లు ఎలా నిలబడిందో, మూసేశాక తన మాట మీద అలాగే నిలబడింది. లారీవాళ్లకు కబురు పెట్టింది. ఉరుకుందమ్మ పక్కింటివాళ్ల ఫోన్లో స్వరూపను బతిమాలింది. ఆమె ఎవరికో చెబుతానంది. చెప్పిందో లేదో నాకు తెలియదు. ఎవరూ రాలేదు.

పెళ్లిరోజు వంటపొయ్యికి గాలి కొడుతోందని నన్ను అడ్డం కట్టారు. తెల్ల వైపు చుట్టాలకు, బొమ్మ వైపు పొయ్యికి. పసుపు మొహంతో ఉరుకుందమ్మ నీళ్లకని అటు వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. నా మీది అక్షరాలు చదివింది. చదవకపోతే బాగుండేది.

"నేను కండక్టర్ అని గదా సెప్తిని," అంది నాతో.

చిరిగిపోదామంటే చిరగలేకపోయాను. పొగలో అలా వేలాడుతూ ఉండిపోయాను. మీరు నన్ను ఎంత గట్టిగా తయారుచేశారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు తిమ్మక్క మేకల కొట్టం మీద కప్పుగా ఉన్నాను. ఎండకు ఉరుకుందమ్మ మొహం సగం వెలిసింది, నవ్వు మాత్రం ఇంకా తెలుస్తుంది. ఫౌండేషన్ గుర్తు చెక్కుచెదరలేదు, దానికి మంచి రంగు వేయించారు.

మొన్న ఒక అమ్మాయి, మెడలో కార్డు వేసుకుని, సర్వే అంటూ వచ్చింది. కొత్త సంస్థ, కొత్త విరాళం. మళ్లీ సెంటరు పెడతారట.

"అవ్వా, మీ ఇంట్లో పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలున్నారా?"

తిమ్మక్క చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఉండాది. అదిగో, దాంట్లో."

ఆ అమ్మాయి తలెత్తి నన్ను చదివింది. ఆమె మొహం వాడిపోయింది. మంచి పిల్లలాగే ఉంది. స్వరూప కూడా మంచిదే.

తిమ్మక్క మేకకు ఆకు అందిస్తూ అడిగింది. "మీరన్నా ఎన్నేండ్లు ఉంటారమ్మా?"

"ప్రస్తుతానికి పదకొండు నెలలవ్వా," అంది ఆ అమ్మాయి, తల దించుకుని.