బాద్షా జూలు

"గుర్రాలకు పిల్లలు మంచిగ పుట్టేటట్టు చూస్తవట గదా, మరి నీ సంగతేందమ్మా?"

దొండకాయలు తరుగుతున్న సంయుక్త చేయి ఆగింది. అత్తగారు ప్రభావతి ఆ మాటను చిక్కడపల్లి మార్కెట్లో కొత్తిమీర బేరమాడినంత తేలిగ్గా అనేసి పాలగిన్నె దించుకుంది. శనివారం పొద్దున్నే, ఇంకా టీ కూడా తాగకముందే.

ఆమెకు రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోయింది. నారాయణగూడ డాక్టరమ్మ ఇద్దర్నీ జన్యుపరీక్షకు రక్తం ఇమ్మంది. సంయుక్త ఆ వారమే ఇచ్చింది, ఏ లోపమూ లేదని వచ్చింది. ఆమె భర్త ఉదయ్ కుమార్ పరీక్ష చీటీ మాత్రం ఎనిమిది నెలలుగా టీవీ కింద సొరుగులో పడుంది. "మా ఖాందాన్ల గసుంటివి లేవు. నాకేమైంది, మంచిగనే ఉన్న గదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన పరీక్ష అయిపోయినట్టే! సోమవారం నుంచి మళ్లీ సూదులు మాత్రం సంయుక్తకే. తప్పు దొరకని ఒంటికి మందులేమిటి, అసలు చూడనే చూడని ఒంటికి విశ్రాంతేమిటి? పైగా ఆమె చేసే ఉద్యోగం గుర్రాల జన్యువుల్లో జబ్బులు వెతకడం. స్నేహితులు ఇంటికొస్తే "మా వైఫ్ గుర్రాల మంత్రసాని" అని ఆయన నవ్వించేవాడు. వాళ్లకు పకోడీలు వేస్తూ ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండింది.

రెండు వారాల కిందట ల్యాబ్‌కు బీరయ్య వచ్చాడు. పెళ్లి బారాత్‌లకు గుర్రాలు తిప్పే మనిషి. బారాత్‌కు ఆడగుర్రమే కావాలంటారు, నిదానంగా నడుస్తుందని. అతని చాందిని డీజే మోతలో, పటాకుల పొగలో ఎందరు పెళ్లికొడుకులను మోసిందో లెక్కలేదు. దానికి పుట్టిన మూడు పిల్లలూ పుట్టినప్పుడు చెంగున గెంతి, రెండు నెలలు నిండకుండానే దగ్గీ దగ్గీ చచ్చిపోయాయి. జబ్బును తట్టుకునే శక్తే లేకుండా పుట్టాయవి.

"దీని కడుపు మంచిది కాదు మేడం. అమ్మేస్త" అంటూ బీరయ్య ఒక పసుపు బొట్ల శుభలేఖ కవరు అందించాడు. అందులో పరీక్ష కోసం కుదుళ్లతో పీకిన చాందిని జూలు వెంట్రుకలు ఉన్నాయి.

"బాద్షావి ఏవి?" అని అడిగింది. బాద్షా ఆ పిల్లల తండ్రి.

"మొగగుర్రానియి ఎందుకు మేడం? పిల్లలు సచ్చింది దీనికి గదా!"

ఇంకోరోజైతే నవ్వి ఊరుకునేది. ఆరోజు ఊరుకోలేదు. "ఆ పిల్లలు చాందిని ఒక్కదానికే పుట్టినయా బీరయ్యా?" అని అరిచింది. పక్క బల్ల దగ్గరివాళ్లు తిరిగి చూశారు. బీరయ్య తల గోక్కుంటూ వెళ్లి, మర్నాడు ఇంకో శుభలేఖ కవరు తెచ్చాడు.

నిన్న ఫలితం వచ్చింది. లోపమున్న జన్యువు తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి. ఒక్కటే ఉంటే గుర్రానికి ఏమీ కాదు, రెండూ కలిసి పిల్లకు వస్తేనే చావు. ఈ రెండింటినీ జత కట్టొద్దని, లోపం లేని మగగుర్రంతో అయితే చాందిని పిల్లలు బతుకుతాయని సంయుక్త విడమరచి చెప్పింది.

"మూడేండ్ల సంది దాన్నే తిట్టిన మేడం. దాని మొకం మీదనే తిట్టిన."

"మరి అమ్ముతవా?"

"ఇగ అమ్మను మేడం" అని కళ్లు తుడుచుకున్నాడు.

దొండకాయలు వదిలి సంయుక్త కత్తిపీట పక్కకు జరిపి చేతులు కడుక్కుంది. సొరుగులోంచి చీటీ తీసి, ఫోన్ చూసుకుంటున్న ఉదయ్ కుమార్ ముందు పెట్టింది.

"మళ్ల షురూ చేసినవా?" అన్నాడు తలెత్తకుండా.

"లేదు, బంద్ చేస్తున్న. సోమవారం సూదులకు నేను పోను. ముందు మీరు రక్తం ఇయ్యాలె."

"మొగోనికి పరీక్షలేందే! నలుగురు ఇంటే ఏమనుకుంటరు?" ప్రభావతి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"బడి మొకం చూడని గుర్రాల బీరయ్య ఒక్కసారి అడిగితే మొగగుర్రం ఎంట్రుకలు తెచ్చిండు అత్తమ్మా. ఎనిమిది నెలల సంది అడుగుతున్న నేను."

ఉదయ్ కుమార్ తలెత్తాడు. "నన్ను గుర్రంతోని పోలుస్తున్నవా?"

"మీరు నన్ను బీరయ్య ఆడగుర్రం చాందినిని చేసినప్పుడు మీకేమీ అనిపియ్యలే" అంది సంయుక్త. వాళ్లిద్దరి ముందే డాక్టరమ్మ క్లినిక్‌కు ఫోన్ చేసి, సోమవారం తన పేరున ఉన్న అపాయింట్‌మెంట్ తీసేయమంది. అదే టైముకు రక్తపరీక్ష రాసుకోమంది.

"పేషెంట్ పేరు చెప్పండి మేడం" అంది అవతలి అమ్మాయి.

ఇన్నాళ్లూ ఆ చోట తన పేరే ఉంది.

"రాసుకోమ్మా," అంది సంయుక్త, "ఉదయ్ కుమార్."