సతీష్‌బాబు గుండు, నాన్నగారి వీపు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో ఓ పేరుంది. ఎక్కువేమీ కాదు, వచ్చినప్పుడు కాస్త గట్టిగా వస్తుంది, అంతే. ఆ ఆదివారం వచ్చిన కోపం మాత్రం ఎవరికైనా వచ్చేదే. సినిమా సగం తీసేశాక హీరో గుండు కొట్టించుకుని వస్తే, మీరైతే హారతిచ్చి లోపలికి పిలుస్తారా?

మొదటి నుంచీ చెబుతాను. మాది నందిగామ. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో ఈ ఏడాది వీడియో ప్రొడక్షన్ కోర్సు ఒకటి పెట్టారు. నేర్పేది భవానీప్రసాద్ సార్. కోర్సు చివర ప్రతి జట్టూ ఒక చిన్న సినిమా తీసివ్వాలి. అన్నిట్లోకీ బాగున్నదాన్ని విజయవాడలో విద్యార్థుల చిత్రోత్సవానికి పంపుతారు. హైదరాబాదు వెళ్ళి ఈ పనే చదువుకుంటానని నేను ఇంట్లో అడిగాను. మా నాన్నగారు దత్తాత్రేయ మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. నా సంగతీ లెక్కలాగే తేల్చేశారు.

"నీ సినిమా విజయవాడకి ఎంపికైతే హైదరాబాదు పంపిస్తా. కాకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకుండా బి.ఎడ్. ఎంట్రన్సు రాయాలి. సరేనా?"

సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

మా జట్టులో ముగ్గురం. కెమెరా గ్రేసీది. వాళ్ళన్నయ్య పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే కెమెరాని బతిమాలి తెచ్చింది. నటించేది సతీష్‌బాబు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో కాలేజీకి వస్తాడు. డైరెక్షన్ నాది. అరిచే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. కథ చాలా చిన్నది. హైదరాబాదులో ఉద్యోగం పోయిన కుర్రాడు నందిగామ బస్టాండులో దిగుతాడు. ఇంటికి వెళ్ళాలంటే కాళ్ళు రావు. టీ తాగుతూ కూర్చుని కూర్చుని, చివరికి వెళ్ళి తలుపు కొట్టి వాళ్ళమ్మకి ఆ మాట చెబుతాడు. శనివారం బస్టాండు, ఆదివారం మా ఇల్లు. అమ్మ పాత్రకి మా అమ్మ ప్రసూనాంబనే ఒప్పించాను. మంగళవారం పొద్దున సినిమా కాలేజీలో ఇచ్చెయ్యాలి.

శనివారం పని బ్రహ్మాండంగా జరిగింది. జనం కెమెరాలోకి తొంగిచూస్తుంటే, "అన్నయ్యా, కాస్త అటు చూడండి" అని దండాలు పెట్టుకుంటూ తీశాం. సతీష్‌బాబు దిగులు మొహం ఎంత బాగా పెట్టాడంటే, టీకొట్టాయన నిజమే అనుకుని, "పర్లేదు బాబూ, ఇంకో ఉద్యోగం దొరుకుద్దిలే" అని భుజం తట్టాడు. ఆ తట్టడం కూడా గ్రేసీ కెమెరాలో పడింది. నాకు ఒళ్ళంతా సంతోషం.

భవానీప్రసాద్ సార్ మాకు నూరిపోసిన పాఠం ఒకటుంది. రెండు రోజులు తీసినా తెరమీద అది ఒకే పూట. చొక్కా మారకూడదు, వాచీ ఈ చేతి నుంచి ఆ చేతికి పోకూడదు. అందుకని సాయంత్రం సతీష్‌బాబుని బస్సెక్కిస్తూ గట్టిగా చెప్పాను. "ఆ గళ్ళ చొక్కా ఉతకొద్దు. గడ్డం గీసుకున్నావంటే మాత్రం చంపేస్తా."

ఆదివారం పదింటికి వాడు టోపీ పెట్టుకుని వచ్చాడు. వెనకాల వాళ్ళ నాయనమ్మ సీతారావమ్మగారు. షూటింగు చూద్దామని వచ్చారేమో అనుకున్నాను.

"టోపీ తియ్‌రా, వెలుతురు పోతోంది" అన్నాను.

తీశాడు. గుండు. దాని మీద పచ్చగా గంధం.

గ్రేసీ కెమెరా ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"ఏంట్రా ఇది?"

"పొద్దున్నే పెనుగంచిప్రోలు వెళ్ళొచ్చాం. మొదటిరోజు షూటింగు ఏ అడ్డం లేకుండా జరిగితే తిరుపతమ్మ తల్లికి నా తలనీలాలు ఇస్తానని నాయనమ్మ మొక్కుకుందంట."

"రెండో రోజు కూడా అయ్యాక ఇవ్వచ్చుగా?"

"అదే అన్నా. మొక్కు వాయిదా వెయ్యకూడదంది. కానీ నువ్వు చెప్పింది మర్చిపోలా మైథిలీ. గుండు గీసే ఆయన అలవాటుగా గడ్డం మీద కత్తి పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపా. చూడు, నిన్నటి గడ్డం నిన్నట్లాగే ఉంది."

చూశాను. వెధవ, నిజంగానే గడ్డం ఒక్క వెంట్రుక తగ్గకుండా కాపాడుకొచ్చాడు. చొక్కా కూడా ఉతకలేదు. తల జోలికి పోవద్దని విడిగా చెప్పాలని నాకెలా తోస్తుంది?

ఆవిడ మీద అరుద్దామని నోరు తెరిచాను. సీతారావమ్మగారు ఆ తెరిచిన నోట్లో ప్రసాదం పెట్టేశారు. "నీ కోసం కూడా మొక్కుకున్నానమ్మా. సినిమా మొత్తం పూర్తయితే నువ్వూ వచ్చి మూడు కత్తెర్లు ఇద్దువుగాని" అన్నారు. అంత ప్రేమగా నట్టేట ముంచేవాళ్ళని ఏమంటాం? నమిలి మింగి, పెరట్లోకి పోయి ఏడ్చాను. సినిమా పోయిందని కాదు. నా హైదరాబాదు పోయింది. ఇక జన్మంతా ఈ గుండు గుర్తొచ్చినప్పుడల్లా బి.ఎడ్. గుర్తొస్తుంది.

ఏడుపు విని నాన్నగారు పేపరు పట్టుకునే పెరట్లోకి వచ్చారు. జరిగింది చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"మిగిలిన భాగంలో అతని మొహం కనపడి తీరాలా?" అని అడిగారు.

"తీరాలి. అమ్మతో ఆ మాట చెప్పేటప్పుడు మొహం చూపించకపోతే ఇంకేం చూపిస్తాం?"

వెనకే వచ్చిన గ్రేసీ ముక్కు గోక్కుంటూ అంది. "సార్ ఒకసారి చెప్పారు కదే. చెప్పేవాడి మొహం కంటే వినేవాళ్ళ మొహమే ఎక్కువ చెబుతుందని. మీ అమ్మగారి మొహం చూపిద్దాం. వాడి వీపు చాలు."

ఆ మాటకి నా ఏడుపు ఠక్కున ఆగింది. నిజమే, వీపు చాలు. కాకపోతే పైన జుట్టున్న వీపు కావాలి. సన్నగా, సతీష్‌బాబంత ఎత్తుండాలి. గ్రేసీ, నేనూ ఒకేసారి నాన్నగారి వైపు చూశాం. యాభై దాటినా మనిషి రివటలా ఉంటారు. ఒత్తుగా జుట్టు. దానికి ఆదివారం ఆదివారం రంగు వేసుకోవడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా.

"నేనా? ఛఛ" అన్నారు. కానీ ఆ మాట అంటూనే తల నిమురుకున్నారు.

గళ్ళ చొక్కా ఆయనకి అతికినట్టు సరిపోయింది. చొక్కా లోపల గుండీల దగ్గర సతీష్‌బాబుకి పెట్టే చిన్న మైకుంటుంది. గ్రేసీ దాన్ని అలాగే ఉంచి ఆన్ చేసింది. పనికొచ్చినా రాకపోయినా శబ్దం రికార్డు చెయ్యాలన్నది సార్ నేర్పిన ఇంకో పాఠం. మాటలు ఎలాగూ తర్వాత సతీష్‌బాబు గొంతుతో పెడతాం కనుక, అప్పుడు మేమెవ్వరమూ చెవిలో ఏదీ పెట్టుకుని వినలేదు.

ముందు వీధిలో నడక తీశాం.

"నాన్నగారూ, ఫస్టు బెల్లు కొట్టేశారన్నట్టు నడుస్తున్నారు. మీకు ఉద్యోగం పోయింది. గుర్తుపెట్టుకోండి."

"నాకెందుకు పోతుంది? నాది పర్మనెంటు."

"ఇంకోసారి" అన్నాను. మళ్ళీ నడిచారు. మళ్ళీ ఇంకోసారి అన్నాను. ఎండలో అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను, ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. పైగా, "ఎడం భుజం కాస్త వాలిస్తే దిగులుగా ఉంటుందేమో చూడు" అని ఆయనే చెప్పారు. ఉంది కూడా. సతీష్‌బాబు వెలుతురు కోసం థర్మోకోల్ అట్ట పట్టుకుని నిలబడితే, ఆ అట్ట దండగ, నీ గుండు చాల్లేరా అంది గ్రేసీ.

అసలు తంటా తలుపు దగ్గర వచ్చింది. నాన్నగారు తలుపు కొట్టాలి, అమ్మ తీయాలి, మాట విని మొహం మారాలి. అమ్మ తలుపు తీస్తుంది, గళ్ళ చొక్కాలో మొగుణ్ణి చూస్తుంది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంది. అరిచాను, బతిమాలాను, అలిగాను. ఎన్నిసార్లు తీసినా అదే నవ్వు. కెమెరా బ్యాటరీ అయిపోవస్తోందని గ్రేసీ చెయ్యి ఊపింది. ఇక వదిలేద్దాం అనబోతున్నాను.

"ఉండు, ఒక్కసారి" అన్నారు నాన్నగారు నా వైపు తిరక్కుండానే.

తలుపు కొట్టారు. అమ్మ తీసింది. నవ్వు మొదలవుతోంది. ఆయన లోగొంతుకతో ఏదో అన్నారు. గేటు దగ్గరున్న మాకు వినపడలేదు. అమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలోని కొంగు జారింది. ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయింది, ఆ కళ్ళు నెమ్మదిగా నిండాయి. కట్ చెప్పడం కూడా మర్చిపోయాను.

"ఏం చెప్పారు నాన్నగారూ?"

"ఏదో ఎక్కం అప్పజెప్పాన్లే" అని చొక్కా విప్పి సతీష్‌బాబుకి ఇచ్చేశారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు.

సోమవారం సాయంత్రం ఇంట్లో కూర్చుని ఎడిటింగు చేస్తున్నాను. చివరి షాట్ తెరిచి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. చొక్కా గరగర, తలుపు చప్పుడు, అమ్మ కిసుక్కుమనడం. తర్వాత చెవి పక్కనే చెప్పినట్టు నాన్నగారి గొంతు.

"నవ్వకు ప్రసూనా, ఒక్క మాట విను. పొద్దుట్నించీ పిల్ల ఎట్లా పనిచేస్తోందో చూశావా? ఆ పనేంటో తెలుసుకోకుండా నేను షరతు పెట్టా. తప్పు నాదే."

వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. తప్పు నాదే అన్న మాట నాన్నగారి నోట నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. అమ్మ కూడా పెళ్ళయ్యాక విని ఉండదు, ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

నాన్నగారు వరండాలో పేపర్లు దిద్దుకుంటున్నారు. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి పక్కన పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టాను. విన్నారు. ఎర్ర పెన్ను మూత వెతుక్కున్నారు.

"ఇది రికార్డయిందా?"

"మైకు మీ చొక్కాలోనే ఉంది."

"ఆ ముక్క తీసెయ్."

"తీసేస్తా. అక్కడ సతీష్ గొంతు పెడతా. కానీ నాకింకో టేక్ కావాలి నాన్నగారూ. అమ్మకి చెప్పారు, నాకు చెప్పలేదు. నా మొహం చూసి చెప్పండి."

ఎంపిక సంగతి ఇంకా తేలనేలేదు. అసలు సినిమా ఇంకా కాలేజీకే ఇవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "చూడమ్మా" అని మొదలుపెట్టి ఆగిపోయారు.

"ఎంపికైనా వెళ్ళు. కాకపోయినా వెళ్ళు. నేను పెట్టిన షరతు తప్పు" అన్నారు.

నిన్నంతా ఆయన్ని ఎండలో ఇంకోసారి ఇంకోసారి అని తిప్పినదాన్ని, ఈ ఒక్క టేక్‌కే ఓకే అని తల ఊపాను. అంతలో అమ్మ గడప దాకా వచ్చి, "మళ్ళీ ఏం గొడవ పెట్టుకున్నారు ఇద్దరూ?" అని అడిగింది. ఏమీ లేదన్నారు నాన్నగారు. నేనూ ఏమీ లేదన్నాను. చెమర్చిన మా ఇద్దరి కళ్ళూ చూసి అమ్మ నమ్మలేదు.