కర్చీపు వేసిన సీటు

ప్రొద్దుటూరులో ఆ పాత థియేటరుకు రంగులు కొట్టి, బెంచీలు పీకి, మెత్తటి కుర్చీలు వేశారని ఊరంతా మురిసింది. చిన్నసుబ్బమ్మ మాత్రం లోపలికి వస్తూనే ఒకప్పుడు ఆడవాళ్ల క్లాసుకు అడ్డంగా ఉండిన గోడ కోసం వెతుక్కుంది. గోడ లేదు. అయితే పైన తిరిగే ఫ్యాన్లు అవే, కిర్రుమనే మోతా అదే. ఆమె ప్రాణం కుదుటపడింది.

ఖమ్రున్నీసా రేపు పులివెందులలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది, ఇక అక్కడే ఉండడానికి. ఇద్దరూ కొత్త కోడళ్లుగా ఉన్నప్పుడు ఇక్కడి బెంచీ మీద కలిసిన స్నేహం వాళ్లది. ఈ ఒక్క మ్యాట్నీ పక్కపక్కన కూర్చుని చూడాలని చిన్నసుబ్బమ్మ ఆశ. టికెట్లు ఎవరింటి పిల్లలు వాళ్లకు విడివిడిగా ఫోన్లో తీసిచ్చారు. వాటి మీది అంకెల్ని ఆమె పట్టించుకోలేదు. ఎప్పటిలాగే ముందుగా వచ్చి, నడిమి వరుసలో కూర్చుని, పక్క సీటు మీద కర్చీపు వేసింది.

"అవ్వా, అది నా సీటు," అంటూ ఒకమ్మాయి ఫోను చూపించింది.

"కర్చీపు కనపల్లేదా మే?"

"నంబరుంది కదవ్వా!"

"నంబరు మొన్న వచ్చింది. కర్చీపు మా అత్త కాలం నుంచీ ఉండాది."

అంతలో ఖమ్రున్నీసా ఆయాసపడుతూ వచ్చింది. ఆమె సీటు ఎక్కడో చివరి వరుసలో. గొడవ విని మేనేజరు గురుప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"అత్తా, ఎవురి సీట్లో వాళ్లు కూచోవాల. ఇప్పుడంతా రూలు."

"ఏమప్పా గురుప్రసాదూ, మీ యమ్మ నీకు పాలిచ్చింది ఈడనే. ఆ పొద్దు ఏ నంబర్లో కూచున్యాదో అడుగుపో!"

చుట్టూ ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వి, ఖమ్రున్నీసా సీటు నంబరు అడిగి వెనక్కి నడిచింది. అది చూసి ముందు వరుసలో ఒకామె లేచి తన చెల్లెలి పక్కకు పోయింది. మరొకామె తోడికోడలిని కేకేసి పిలుచుకుంది. కాసేపట్లో ఎవరి నంబరు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

"లైట్లార్పండప్పా," అని గురుప్రసాద్ తల పట్టుకుని వెళ్లిపోయాడు.

సినిమా మొదలైంది. ఖమ్రున్నీసా బుర్కా ముసుగు వెనక్కి తోసి, వక్కాకు పొట్లం విప్పి, కూతురింటి కష్టసుఖాలు చెప్పసాగింది. చిన్నసుబ్బమ్మ తెర వైపు చూస్తూనే ఊకొడుతోంది.

"అవ్వా, మాటలు ఇనపల్లేదు!" వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు.

"మావి మాకు ఇనపడతాండాయిలేప్పా," అంది ఖమ్రున్నీసా.