అమావాస్యనాటి సముద్రం

నాకు నాలుగేళ్ళు వచ్చినా మాట రాలేదట. "ఈ పిల్ల నోరిప్పితే నీ ఒడ్డుకు తెచ్చి దీని నెత్తిన నీ నీళ్ళు పోత్తాను తల్లీ" అని మామ్మ గంగమ్మకు మొక్కుకుంది. తర్వాత నాకు మాటలొచ్చాయి గానీ, మామ్మకు నమ్మకం రాలేదు. నేను చెప్పేదంతా డైరీతోనే చెప్పుకుంటాను మరి. మొక్కు అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు మామ్మ మోకాళ్ళు పాడయ్యాయి. "వచ్చే ఏటికి నేను నడవలేను. ఇప్పుడే తీర్చేత్తాను" అంది. సముద్రస్నానానికి అమావాస్య మంచిదని ఆ రోజే ఎంచి, పసుపూ కుంకుమా మూటగట్టింది. శ్రీకుమార్ చిన్నాన్న మమ్మల్ని వ్యానులో మేముండే బంటింగ్ పట్నం నుంచి మోరిబ్ తీరానికి తెచ్చాడు. అప్పటికి మధ్యాహ్నమైంది.

సముద్రం లేదు.

చూపు ఆనినంత మేరా తడి బురద. దాని మీద ఆకాశం పడుకుని ఉంది. కొంగలు మబ్బుల మీద నడుస్తున్నాయి. ఎక్కడో అంచున ఒక వెండి దారం మెరుస్తోంది. అవే నీళ్ళు.

"సముద్రం ఏదిరా?" అంది మామ్మ.

"ఎల్లిపోనాదమ్మా. నువ్వొత్తన్నావని తెలిసిపోనాది" అన్నాడు చిన్నాన్న.

"నోర్ముయ్. తల్లితో ఆటలేటి?"

"నేను బురదలో పోయి సీసాతో తెత్తాను. షర్మిల నెత్తిన పోసెయ్ లా" అన్నాడు నన్ను చూపిస్తూ, ఈ దేశం వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"సీసాలో గంగమ్మా? నీ మొహం!"

అమావాస్యకు సముద్రం ఎంత వెనక్కి పోతుందో, తిరిగి అంత పైకి వస్తుందని మా భూగోళం టీచరు చెప్పింది. ఆ మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. చిన్నాన్నకు ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. అంతసేపు ఆగమని ఎలా అడగను?

తీరం పక్కనే ఎవరూ నరకకుండా కాపాడుతున్న మడ అడవి ఉంది. నీడ కోసం అందులోకి వెళ్ళాం. చెట్ల మధ్య నుంచి చెక్క వంతెన పోతుంది. దాని చివర పడవల కోసం కట్టిన మెట్లు బురదలోకి దిగుతాయి. మామ్మ పై మెట్టు మీద కూర్చుని మూట ఒళ్ళో పెట్టుకుంది. లోపల వెలుతురు ఆకుపచ్చగా ఉంది. చెట్లు వేళ్ళ మీద లేచి నిలబడి, ఎవరి కోసమో చూస్తున్నట్టున్నాయి. బురదలో చిటపట చప్పుడు. వేలెడంత చేపలు రెక్కలనే కాళ్ళు చేసుకుని పాకుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. నేనూ ఆ బురదలోనే ఎక్కడో ఉన్నాననిపించింది.

"పద లా, అమ్మా. షిఫ్టుకి లేటయిపోతాది" అన్నాడు చిన్నాన్న.

మామ్మ మూట ముడి మళ్ళీ గట్టిగా బిగించి, వంతెన కమ్మీ పట్టుకుని లేవబోయింది.

అప్పుడే ఒక చేప వేరు పట్టుకుని పైకి పాకింది. దాని వెనక ఇంకొకటి. కింద బురదలో సన్నటి తడి గీత, పాము పిల్లలా, చప్పుడు లేకుండా వేళ్ళ మధ్య నుంచి వస్తోంది.

"ఆగండి!" అన్నాను.

నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"సముద్రం వచ్చేత్తంది. చేపలు ఎక్కిపోతన్నాయి సూడండి. అమాసకి ఎంత దూరం పోతాదో అంత పైకొత్తాది. ఈ మెట్ల దాకా వత్తాది. చిన్నాన్నా, కాసేపు ఉండు. వచ్చే ఏడు మామ్మ నడిచి రాలేదు గదా."

చిన్నాన్న ఫోను తీశాడు. "బాసు, కొంచెం లేటవుతాది" అంటూ దూరంగా నడిచాడు.

నీళ్ళు వచ్చాయి. ఒక్కో వేరునీ అడిగి అడిగి వచ్చినట్టు, అల లేకుండా. కింది మెట్టు మునిగింది. దాని పైదీ మునిగింది. మామ్మ పాదాలు చాపగానే సముద్రమే వాటిని అందుకుంది. పసుపు నీళ్ళలో మబ్బులా విచ్చుకుని చెట్ల లోపలికి పోయింది. మామ్మ దోసిలితో నా నెత్తిన నీళ్ళు పోసింది. ఉప్పగా, వెచ్చగా ఉన్నాయి.

"తల్లీ, ఇన్నేళ్ళు ఆలస్యం సేసినానని కోపగించుకోకు" అంది మామ్మ. "దీనికి మాటలొచ్చినాయని నాకు ఇయ్యాలే తెలిసినాది."